గీతకు అటూ ఇటూ

రష్యా రాయబారి కార్యాలయం నుంచి బ్రిటిష్ విదేశాంగ శాఖకు వచ్చిన పాత ఉత్తరాల మీద తేదీ ఒకటి ఉండదు, రెండు ఉంటాయి. పైన ఒక అంకె, దాని కింద అడ్డగీత, గీత కింద మరో అంకె. చిన్నప్పుడు పలక మీద దిద్దిన భిన్నంలా ఉంటుంది. పై అంకె రష్యా వాడే పాత క్యాలెండరుది, కింది అంకె ఇంగ్లండ్ వాడే కొత్త క్యాలెండరుది. పందొమ్మిదో శతాబ్దమంతా ఈ రెంటికీ 12 రోజుల తేడా. అదే పొద్దు, అదే ఉత్తరం, పీటర్స్‌బర్గ్‌లో మార్చి 18, లండన్‌లో మార్చి 30.

2019 సెప్టెంబరులో లండన్ శివారు క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో కూర్చుని ఆ గీతల్ని చూస్తూ చాలా పూటలు గడిపాను. రెండు తేదీలతో బతకడం మనకు కొత్తేమీ కాదు. తద్దినం తిథికి పెడతాం, కరెంటు బిల్లు తారీఖుకు కడతాం. ఒకటి మర్చిపోతే ఇంకొకటి గుర్తు చేస్తుంది. కానీ ఆ ఉత్తరాల మీది గీతను చూస్తుంటే మాత్రం మనసులో ఏదో గుచ్చుకునేది. రెండు సామ్రాజ్యాలు ఎదురెదురుగా కూర్చుని, నీ రోజు నీది, నా రోజు నాది అని ఒప్పుకుని మరీ మాట్లాడుకుంటున్నాయి. ఇంత మర్యాద తెలిసినవాళ్లు ఎవరి ఊరి గురించి మాట్లాడుకుంటున్నారో ఆ ఊరివాళ్లకు ఆ రోజు తేదీ ఎంత? ఆ ప్రశ్న నన్ను క్యూ నుంచి మాస్కో దాకా తీసుకెళ్లింది. ఇప్పటికీ వదల్లేదు.

ఇంగ్లండ్ 1752లో కొత్త క్యాలెండరుకు మారింది. ఆ ఏడు అక్కడ సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. రష్యా 1918 దాకా మారలేదు. విశాలాంధ్ర పుస్తకాలు చదివి పెరిగిన మా తరం పిల్లలకు, అక్టోబరు విప్లవం పండగ నవంబరు 7న ఎందుకు చేస్తారో ఎవరో ఒక మాస్టారు విడమరిచి చెప్పాల్సి వచ్చేది. నాకు చెప్పిన మాస్టారు నల్లబల్ల మీద ఆ రెండు తేదీలూ పక్కపక్కన రాసి, మధ్యలో గీత గీశారు. ఆ గీతతో నా పరిచయం అప్పటిది.

మాది చినగంజాం దగ్గర పల్లె. మా నాన్న ఉప్పు కొఠారులో కాటా గుమాస్తా. తెల్లవారకముందే మడుల్లో చెక్కతో ఉప్పును గట్టుకు లాగే చప్పుడు మా ఇంటికి వినిపించేది. నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క, తూకాలు రాసుకునే చిన్న పుస్తకం ఉండేవి. కాటాలో ముల్లు నిలిచేదాకా ఆయన ఊపిరి కూడా బిగబట్టేవాడు. ముల్లు ఊగుతుండగా అంకె రాసినవాణ్ణి నమ్మొద్దని అంటుండేవాడు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికిన ముప్పయ్యేళ్లలో నాకు అంతకంటే పనికొచ్చిన మాట ఇంకొకరు చెప్పలేదు.

పాత కాగితాల మీద మోజు వేటపాలెం సారస్వత నికేతనంలో పట్టుకుంది. 1918లో మొదలైన గ్రంథాలయం అది. సెలవుల్లో సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, పాత పత్రికల బైండ్లు తిరగేసి, వేళ్లకు అంటిన పసుపు పొడితో ఇంటికొచ్చేవాణ్ణి. రష్యన్ మోజు మాత్రం ఊరికి వచ్చిన పుస్తకాల వ్యాను పెట్టింది. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చేసిన తెలుగు పుస్తకాలు, దళసరి అట్టలు, మెరిసే బొమ్మలు, జేబులో ఉన్న డబ్బులకు సరిపోయే ధర. మన అక్షరాలు అంత దూరంలో అచ్చయ్యి మా వీధి చివరికి రావడం అప్పట్లో నాకు మహా ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యంతోనే తర్వాత హైదరాబాదులో రష్యన్ నేర్చుకున్నాను.

నా పరిశోధన రష్యా మీద మొదలు కాలేదు, ఉప్పు పన్ను మీద మొదలైంది. 1888 జనవరిలో ఇండియా ప్రభుత్వం ఉప్పు మీద సుంకాన్ని మణుగుకు రెండు రూపాయల నుంచి రెండున్నర రూపాయలకు పెంచింది. ఆ మణుగు 82 పౌన్ల సర్కారు మణుగు. మన మద్రాసు మణుగు 25 పౌన్లే. ఈ తేడా గమనించకుండా పాత లెక్కలు చదివితే మొత్తం తలకిందులవుతుంది. పెంచిన సుంకం 1903 దాకా దిగలేదు. పదిహేనేళ్లు. ఎందుకు పెంచారని వెతికితే ఖజానా కాగితాల్లో మూడు కారణాలు కనిపిస్తాయి: రూపాయి మారకం విలువ పడిపోవడం, బర్మా యుద్ధం ఖర్చు, పెరిగిన సైన్యం ఖర్చు. మూడోదాన్ని పట్టుకుని వెనక్కి నడిచాను. వాయవ్య సరిహద్దు దాటి, హెరాత్ దాటి, చివరికి కుష్క్ అనే ఒక చిన్న నది దగ్గర ఆగాను. ఆ నది మీద ఇటుక వంతెన ఒకటి ఉండేది.

ఆ ప్రాంతం పేరు పంజ్‌దే. ఇప్పుడది తుర్క్‌మెనిస్తాన్‌లో తాగ్తాబజార్. 1884లో రష్యా మెర్వ్ ఒయాసిస్సును కలుపుకుంది. మెర్వ్ నుంచి హెరాత్, హెరాత్ నుంచి కాందహార్, కాందహార్ నుంచి సింధు నది అని లండన్‌లో పటాల మీద వేలు పెట్టి లెక్కలు కట్టారు. అఫ్ఘన్ అమీర్ సైన్యం పంజ్‌దేలో దిగింది. దిగుతుంటే బ్రిటిష్ వాళ్లు అడ్డు చెప్పలేదు. సరిహద్దు ఎక్కడో తేల్చడానికి ఉభయులూ కలిసి ఒక కమిషన్ వేద్దామనుకున్నారు. బ్రిటిష్ పక్షాన సర్ పీటర్ లమ్స్‌డెన్ వచ్చి కూర్చున్నాడు. రష్యా తన మనిషిని పంపడంలో ఆలస్యం చేసింది. ఈలోగా 1885 మార్చి 30న, రష్యా లెక్కన మార్చి 18న, జనరల్ కొమరోవ్ సేనలు కుష్క్ ఎడమ గట్టు మీది అఫ్ఘన్ శిబిరం మీద పడ్డాయి. రష్యా వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి కొన్ని పదుల మంది. అఫ్ఘన్ల వైపు చనిపోయినవాళ్లే వందల్లో.

ఆ వంతెనకు రెండు పేర్లు. పారసీలో పుల్-ఎ-ఖిష్తీ, ఇటుక వంతెన. తుర్కీలో తాష్ కెప్రి, రాతి వంతెన. ఇంగ్లీషు కాగితాలు మొదటి పేరు రాశాయి, రష్యన్ కాగితాలు రెండో పేరు రాశాయి. క్యూలో కొన్న నోటు పుస్తకంలో ఎడమ పేజీకి ఒక పేరు, కుడి పేజీకి ఇంకో పేరు పెట్టుకుని రాసుకుంటూ పోయాను. రెండూ ఒకే వంతెన అని నాకు నేను రోజూ గుర్తు చేసుకోవాల్సి వచ్చేది.

క్యూలో పద్ధతి ఇలా ఉంటుంది. కోటు, సంచి, పెన్ను లాకర్లో పెట్టేయాలి. లోపలికి ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, పెన్సిలు, కాగితం. మన సీటు నంబరుతో ఉన్న చిన్న అరలోకి మనం అడిగిన సంపుటం వస్తుంది. పెద్ద సంపుటాన్ని బల్ల మీద వెల్లకిలా తెరవకూడదు. అటూ ఇటూ స్పాంజి దిమ్మలు పెట్టి, పసిబిడ్డ తల కింద చెయ్యి పెట్టినట్టు ఆనించి, గుడ్డ తొడుగులో సీసపు గుళ్లు కుట్టిన బరువుల దండను పేజీ మీద పరచాలి. ఆ దండ చేతిలో పట్టుకుంటే చల్లగా, బరువుగా పాములా జారుతుంది. బయట చెరువు, దాని ఒడ్డున కదలకుండా నిలబడ్డ కొంగ. లోపల వందమంది ఉన్నా పేజీ తిప్పే చప్పుడు తప్ప మరేమీ ఉండదు. మా నాన్న కాటా దగ్గర బిగబట్టిన ఊపిరి నాకు అక్కడ చాలాసార్లు గుర్తొచ్చింది.

నేను చూసినవి ఎఫ్.ఓ. 65 అనే వరస. విదేశాంగ శాఖకూ రష్యాకూ మధ్య నడిచిన ఉత్తరాలన్నీ దాని కిందికి వస్తాయి. విదేశాంగ మంత్రి గ్రాన్‌విల్, పీటర్స్‌బర్గ్‌లో రాయబారి థార్న్‌టన్, అవతల రష్యా మంత్రి గీర్స్, లండన్‌లో ఆయన రాయబారి స్తాల్. అందరి దస్తూరీలూ కొన్నాళ్లకు మొహాల్లా గుర్తుపట్టొచ్చు. ఈ ఉత్తరాల్లో కొన్నింటి మీద పెన్సిల్‌తో పెట్టిన చదరపు బ్రాకెట్లు ఉంటాయి. పార్లమెంటు ముందు పెట్టడానికి ఉత్తరాలను బ్లూ బుక్‌గా అచ్చు వేసేటప్పుడు, ఏ వాక్యాలు జనం చూడకూడదో ఒక గుమాస్తా ఆ బ్రాకెట్లలో పెట్టేవాడు. అచ్చయిన పుస్తకం చదివితే ఉత్తరం నున్నగా, అతుకు కనబడకుండా సాగిపోతుంది. అసలు ఉత్తరం చూస్తేనే ఆ బ్రాకెట్లు కనబడతాయి.

అచ్చు పుస్తకాన్ని నమ్మి వ్యాసాలు రాసిన నా పాత రోజులు తలుచుకుంటే మనసు చివుక్కుమంది. మన గురించి ఏది దాచారో అది పెన్సిల్‌తో దాచారు, రబ్బరుతో చెరిపేయగలిగేంత తేలిగ్గా. చెరపలేదు గనక నాకు దొరికింది. ఒక దేశం తను దాచినదాన్ని కూడా భద్రంగా దాచిపెట్టి, ఎక్కడి నుంచో వచ్చిన మనిషి బల్ల మీద పెట్టడం పెద్ద విషయమే. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మన దగ్గర తాలూకా కచేరీల్లో చెదలకు వదిలేసిన కట్టలు చూసినవాణ్ణి.

ఒక సంగతి నన్ను చాలాసేపు ఆపింది. 1870 నుంచి లండన్ నుంచి కలకత్తాకు వెళ్లే తంతి మార్గాల్లో ఒకటి రష్యా నేల మీదుగానే వెళ్లేది. సీమెన్స్ వాళ్లు వేసిన ఆ తీగ బెర్లిన్, వార్సా, ఒడెస్సా, తిఫ్లిస్ మీదుగా తెహ్రాన్ చేరేది. రష్యా మన మీదికి వస్తోందని ఇండియాకు కబురు పంపడానికి ఉన్న దారుల్లో రష్యావాళ్ల స్తంభాలూ ఉన్నాయన్నమాట. ఇద్దరి మధ్య పగ ఎంత ఉన్నా తీగ తెగలేదు. వ్యాపారం, కబురు, పగ, మూడూ ఒకే దారిలో నడిచాయి.

యుద్ధం రాలేదు. ఏప్రిల్ 27న ప్రధాని గ్లాడ్‌స్టన్ పార్లమెంటును సుడాన్ యుద్ధం ఖర్చుతో కలిపి కోటీ 10 లక్షల పౌన్లు అడిగాడు. కొరియాకు దక్షిణంగా, తాము పోర్ట్ హామిల్టన్ అని పిలుచుకున్న దీవులను బ్రిటిష్ నౌకలు ఆక్రమించాయి. అమీర్ అబ్దుర్ రహమాన్ ఆ సమయంలో రావల్పిండిలో వైస్రాయ్ డఫరిన్‌కు అతిథి. తన సైనికులు చచ్చిన కబురు అక్కడే విన్నాడు. తన దేశాన్ని రెండు సైన్యాల యుద్ధభూమిగా మార్చుకోవడం ఆయనకు ఇష్టం లేదు. చివరికి బేరం కుదిరింది. పంజ్‌దే రష్యాకు, జుల్ఫికార్ కనుమ అఫ్ఘన్లకు. 1887లో పీటర్స్‌బర్గ్‌లో సంతకాలయ్యాయి. ఆ కాగితాల మీద కూడా భిన్నం తేదీలే.

యుద్ధం రాకపోయినా ఖర్చు ఆగలేదు. సెయింట్ పాంక్రస్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు దాదాపు 14 కిలోమీటర్ల అరల మేర ఉన్నాయి. క్యూ ఆర్కైవ్స్ మూసి ఉండే రోజుల్లో అక్కడికి వెళ్లేవాణ్ణి. పంజ్‌దే తర్వాత ఇండియా సైన్యాన్ని ఇంచుమించు 30 వేల మంది మేర పెంచారు. 1885 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెస్ మొట్టమొదటిసారి సమావేశమైంది. మద్రాసు మహాజన సభ అధ్యక్షుడు పి. రంగయ్య నాయుడు, పి. ఆనందాచార్యులు, గుత్తి నుంచి కేశవపిళ్ళై అక్కడ ఉన్నారు. పెంచబోయే సైనిక వ్యయం అనవసరమనీ, దేశం ఆదాయానికి మించిందనీ ఆ సభ తీర్మానించింది. ఖర్చు తప్పదంటే ముందు దిగుమతి సుంకాలు తిరిగి వేయమంది. ప్రభుత్వం 1886లో ఆదాయపన్ను తెచ్చింది, 1888లో ఉప్పు మీదికి వచ్చింది. ఆదాయం లేనివాడికి ఆదాయపన్ను లేదు. ఉప్పు తిననివాడు లేడు. ధాత కరువు పోయి పట్టుమని పన్నెండేళ్లు కాలేదు. ఆ కరువు పేరు చెప్పి వేసిన పన్నుల డబ్బు కూడా 1878 అఫ్ఘన్ యుద్ధానికి మళ్లిందని అప్పట్లోనే గట్టి విమర్శ. ఆ యుద్ధానికి మొదలూ కాబూలుకు రష్యా రాయబార బృందం రావడమే.

పంజ్‌దే వల్లే మా ఊళ్లో ఉప్పు పిరమైందని నేను రాయను. అలా రాస్తే ముల్లు ఊగుతుండగా అంకె రాసినట్టే. రూపాయి పతనం, బర్మా, సరిహద్దు సైన్యం, మూడూ కలిసి తూగాయి. కానీ తక్కెడలో ఒక రాయి కుష్క్ గట్టు నుంచి వచ్చిందనడం ఖాయం. ఆ రాయిని మోసినవాడికి కుష్క్ అన్న మాటే తెలియదు.

అక్టోబరులో మాస్కో వెళ్లాను. దానికి కావలసిన కాగితాల కోసం ఒక కార్యాలయం నన్ను నాలుగుసార్లు తిప్పింది. ప్రతిసారీ కొత్త కాగితం ఒకటి తక్కువైంది. ఆ బాధ పరాయి దేశపు ఆర్కైవ్స్‌కు వెళ్లిన ప్రతి ఒక్కరికీ తెలిసిందే, వదిలేద్దాం. సైనిక చరిత్ర ఆర్కైవ్ ఉన్నది లెఫోర్తొవొ ప్యాలెస్‌లో. పీటర్ చక్రవర్తి తన మిత్రుడు లెఫోర్ట్ కోసం కట్టించిన భవనం. పెద్ద తలుపులు, లోపల మసక వెలుతురు, బల్లల మీద పాత దీపాలు. అక్కడ కాగితాన్ని చేరే దారికి నాలుగు మెట్లు: ఫోంద్, ఓపిస్, దేలో, లిస్త్. రాశి, జాబితా, ఫైలు, పేజీ. ఈ నాలుగూ చెప్పగలిగితే దేశంలో ఏ ఆర్కైవ్‌లోనైనా ఏ కాగితాన్నైనా అడగొచ్చు. దేలో అన్న మాట నాకు బాగా నచ్చింది. పని అన్నా దేలోనే, వ్యవహారం అన్నా దేలోనే, ఫైలు అన్నా, కోర్టు కేసన్నా దేలోనే.

మొదటి రోజు రీడింగ్ రూమ్‌లో పెద్దావిడ ఒకరు నా దరఖాస్తు చూసి పేరు, ఇంటిపేరు అయ్యాక, "తండ్రి పేరు?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, మా నాన్న పేరు చివర వాళ్ల పద్ధతిలో "యెవిచ్" తగిలించి నన్ను పిలిచారు. అక్కడ గౌరవంగా పిలవడమంటే అంతే, మనిషి పేరు వెంట తండ్రి పేరు కూడా రావాలి. మా ఊరు దాటి విజయవాడ చూడటమే గొప్పనుకున్న మనిషి ఆయన. ఉప్పు కొఠారు కాటా గుమాస్తా పేరు లెఫోర్తొవొ ప్యాలెస్ గోడల మధ్య వినిపించింది. కుర్చీలో కూర్చున్నాక కాసేపు పేజీలు కనబడలేదు.

అక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. జీవితమంతా ఆ గీత గురించి పాఠాలు చెప్పిన మనిషిని, మాస్కోలో గీతను మర్చిపోయాను. నోటు పుస్తకంలో మార్చి 30 అని ఉంది. ఆ తేదీ చుట్టూ ఉన్న ఫైలు తెప్పించమని రాసిచ్చాను. అడిగిన ఫైలు రావడానికి అక్కడ రోజులు పడుతుంది. వచ్చింది, పేజీ పేజీ వెతికాను, కొమరోవ్ మొదటి కబురు లేదు. దాచేశారనుకున్నాను. ఏకంగా అదే అర్థం వచ్చే వాక్యం ఒకటి రాసుకున్నాను కూడా. సాయంత్రం ఆ పెద్దావిడ నా కాగితం చూసి, "మీరు మీ క్యాలెండరుతో వెతుకుతున్నారు. వాళ్లు వాళ్ల క్యాలెండరుతో రాశారు" అన్నారు. నేను వెతుకుతున్న ఉదయం, నేను తెరిచిన మొదటి పేజీకి 12 రోజుల ముందే అయిపోయింది. అది వేరే ఫైల్లో ఉంది. మూడు పనిదినాలు పోయాయి. రోజులు పోయినందుకు అంత బాధ లేదు. నా తప్పు మీద ఆధారపడి ఎదుటివాణ్ణి దొంగను చేసే వాక్యం అప్పటికే సిద్ధం చేసుకున్నందుకు సిగ్గేసింది. ఆ పేజీ చించలేదు. ఇప్పటికీ నోటు పుస్తకంలో ఉంది.

ఆదివారం వర్వార్కా వీధిలో పాత ఇంగ్లీషు కోటను చూశాను. కోట కాదు, తెల్ల సున్నం కొట్టిన వర్తకుల ఇల్లు. 1553లో చైనాకు ఉత్తరపు దారి వెతుకుతూ మూడు ఇంగ్లీషు ఓడలు బయలుదేరాయి. వాటిలో రెండింటి మనుషులు, నాయకుడు విలోబీతో సహా, ధ్రువపు చలిలో ఒడ్డునే ప్రాణాలు వదిలారు. మూడో ఓడ మీది ఛాన్సలర్ తెల్ల సముద్రంలోకి కొట్టుకొచ్చి, అక్కడి నుంచి మాస్కో చేరి ఇవాన్ చక్రవర్తిని కలిశాడు. దారి తప్పడంతో మొదలైన సంబంధం అది. ఇవాన్ ఈ ఇల్లు ఇంగ్లీషు వర్తకులకిచ్చాడు. ఎలిజబెత్ రాణితో ఉత్తరాలు నడిపాడు, ఆపద వస్తే ఆశ్రయం ఇస్తానన్న హామీ కోరాడు. 1570లో కోపమొచ్చి ఆమెను "పోష్లయ" కన్య అని రాశాడు. అప్పట్లో ఆ మాటకు మామూలు, సాదా అని అర్థం. ఇప్పటి రష్యన్‌లో చవకబారు అని అర్థం. నాలుగు వందల యాభై ఏళ్లలో కాగితం మారలేదు, మాట కింద నేల జరిగింది. ఆ నేలమాళిగలో మైనం, జనపనార, తాళ్లు, ఉన్ని నిలవ చేసిన చోట నిలబడితే ఒకటే తోచింది. తూకం వేసేవాళ్లు ఇక్కడా ఉండే ఉంటారు.

లెఫోర్తొవొలో దొరికినదాన్నీ క్యూలో దొరికినదాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాను. ఇంగ్లీషు పుస్తకాల్లో దాని పేరు పంజ్‌దే "సంఘటన". రష్యన్ పుస్తకాల్లో కుష్క మీద "పోరు". కొమరోవ్‌కు వజ్రాలు పొదిగిన బంగారు కత్తి బహుమానం వచ్చింది. నా మటుకు నాకు కొమరోవ్ తొందరపడ్డాడనే అనిపిస్తుంది. లండన్ చేతులు కూడా శుభ్రంగా లేవు. తను యుద్ధానికి దిగని చోట అమీర్ సైనికుల్ని నిలబడనిచ్చింది. ఇద్దరి కాగితాలూ చదివాక ఒకరి మీద కోపం సగానికి తగ్గి ఇంకొకరి మీదికి వెళ్లింది. రెండు దేశాలకూ వెళ్లడం వల్ల జరిగే మొదటి మేలు అదేనేమో. కానీ చనిపోయిన అఫ్ఘన్లు నేను చూసిన పేజీల్లో రెండు చోట్లా అంకెలే. ఆ అంకెలూ ఒకదానితో ఒకటి కలవవు. పంజ్‌దేలో గొర్రెలు కాసుకుని, పుచ్చకాయలు పండించుకుని బతికే సారిక్ తుర్క్‌మెన్లు తెగ పేరుగా తప్ప మనుషులుగా కనబడరు. వాళ్లకు ఆ రోజు హిజ్రీ 1302, జుమాదుల్ ఆఖిర్ నెల. మన పంచాంగంలో పార్థివ నామ సంవత్సరం, చైత్ర పౌర్ణమి. గీత పైనా లేదు, కిందా లేదు.

వాళ్ల ఊరి పేరు మాత్రం ఒకచోట నిలిచిపోయింది, ఎవరూ అనుకోని చోట. ఆ ప్రాంతంలో ఇసుక ఈగ కుట్టి పుట్టే మొండి పుండు ఒకటుంది. నెలలు మానదు, మానినా మచ్చ పోదు. పంజ్‌దేలో దిగిన రష్యన్ సైనికులకు అది విపరీతంగా వచ్చింది. వాళ్ల డాక్టర్లు దానికి "పెందిన్‌స్కయ" పుండు అని పేరు పెట్టారు, పంజ్‌దే పుండు అని. రష్యన్‌లో ఇప్పటికీ పెందిన్క అంటారు. అదే జబ్బును ఇండియాలో బ్రిటిష్ డాక్టర్లు ఢిల్లీ కురుపు అన్నారు. ఎవరు ఏ ఊరు పట్టుకుంటే పుండుకు ఆ ఊరి పేరు. తాష్కెంట్‌లో బొరోవ్‌స్కీ అనే రష్యన్ డాక్టర్ ఆ పుండుకు కారణమైన సూక్ష్మజీవిని చూసి 1898లో రష్యన్ సైనిక వైద్య పత్రికలో రాశాడు. ఇంగ్లీషు ప్రపంచానికి అది తెలియనేలేదు. 1903లో బ్రిటిష్ వైపు డాక్టర్లు లీష్మన్, మద్రాసులో డోనోవన్ అదే జాతి జీవిని కాలా ఆజార్ రోగుల్లో కనిపెట్టారు. దానికి వాళ్ల పేర్లే వచ్చాయి. బొరోవ్‌స్కీ వ్యాసం ఇంగ్లీషులోకి రావడానికి 40 ఏళ్లు పట్టింది. ఒకరి కదలికలు ఒకరు కనిపెట్టడానికి పటాలు దొంగిలించారు, గూఢచారుల్ని ఫకీరు వేషాల్లో పంపారు. రోగిని బాగుచేసే కాగితాన్ని మాత్రం ఎవరూ తెరిచి చదవలేదు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు మారిపోతుందని మా పిల్లలు అంటారు.

1907 ఆగస్టు 18/31న రెండు సామ్రాజ్యాలూ రాజీ పడ్డాయి. పీటర్స్‌బర్గ్‌లో రష్యా విదేశాంగ మంత్రి ఇజ్వోల్‌స్కీ, బ్రిటిష్ రాయబారి నికల్సన్ ఫ్రెంచి భాషలో రాసిన ఒప్పందం మీద సంతకం చేశారు. పర్షియాలో ఉత్తరం రష్యా పలుకుబడి కిందికి, ఆగ్నేయం బ్రిటన్ కిందికి, మధ్యలోది ఇద్దరిదీ కాదు. పర్షియావాళ్లను ఎవరూ అడగలేదు. ఏడాది కిందటే రాజ్యాంగం తెచ్చుకుని పార్లమెంటు పెట్టుకున్న దేశం అది. అఫ్ఘనిస్తాన్ గురించిన భాగానికి అమీర్ హబీబుల్లా సమ్మతి కావాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఆయన ఇవ్వలేదు. అయినా అమలైనట్టే అనుకుని ముందుకు పోయారు. స్నేహం కుదిరిన రోజు కూడా మూడోవాడికి కుర్చీ లేదు. తగాదాలో లేనిది రాజీలో వస్తుందని ఎందుకు ఆశపడ్డానో నాకే తెలియదు.

రష్యన్ ఆర్కైవ్స్‌లో ఒక పద్ధతి ఉంది. క్యూలో అది లేదు, ఉంటే బాగుండేది. ప్రతి ఫైలు మొదట్లో ఒక కాగితం అంటించి ఉంటుంది. ఆ ఫైలు తెరిచిన ప్రతి మనిషీ తేదీ వేసి, పేరు రాసి, ఏం చేశాడో, చూశాడో, ఎత్తి రాసుకున్నాడో, ఏ పేజీల నుంచి రాసుకున్నాడో నింపి సంతకం పెట్టాలి. నా ఫైలు తెరవగానే నాకంటే ముందు కూర్చున్నవాళ్లు కనిపించారు. వయొలెట్ సిరాతో 1950ల నాటి ఒక సంతకం. పదేళ్లకు నీలం బాల్‌పెన్నుతో ఇంకొకటి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ లేరు. కింద తాష్కెంట్ నుంచి వచ్చినట్టు రాసుకున్న ఒకరు. నేను ఆగిన పేజీల దగ్గరే వాళ్లలో ఇద్దరు ఆగారు. వాళ్లను నేను ఎరగను. అయినా ఆ బల్ల మీద ఒంటరిగా ఉన్నట్టు అనిపించలేదు.

చివరి రోజు మధ్యాహ్నం ఫైళ్లు తిరిగిచ్చే వేళయింది. కిటికీ బయట ఆ ఏటి మొదటి మంచు పడుతోంది, ఉప్పు మడి మీద తెల్లారుజామున తేలే పొరలా పలచగా. పెద్దావిడ నా పక్కకు వచ్చి కాగితంలో ఖాళీ వరస చూపించారు. తేదీ రాయబోయి ఒక్క క్షణం ఆగాను. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే తేదీ, గీత అక్కర్లేదు. రాశాను. ఇంటిపేరు రష్యన్ అక్షరాల్లో రాశాను, పేరు రాశాను. మూడో గడిలో తండ్రి పేరు. దాన్ని వాళ్ల అక్షరాల్లో రాసి, పక్కన తెలుగులో మళ్లీ రాసి, అలాగే తెలుగులో సంతకం పెట్టాను. ఆవిడ వంగి ఆ గుండ్రటి అక్షరాల కేసి చూసి, "ఇది ఎవరి లిపి?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ ఆ మాట నెమ్మదిగా, రెండుసార్లు, తప్పు లేకుండా పలికి, ఫైలు మూసి తాడు కట్టారు.